పాత కారుకు క్రొత్త కమానులు

మన పాఠశాలకు పిల్లలను దిగవిడుచుటకై వచ్చు తల్లిదండ్రులలో పలువురు, ఆవరణములో వేపచెట్టు నీడను నిలిచియుండు నా పాత కారును చూచి చిరునవ్వు నవ్వుదురు. కొందరు దాని కథ యడుగుదురు. క్రిందటి సంవత్సరమున అది మూడు మాసములపాటు కనబడకపోవుటచే "అమ్మివేసినారా, సార్?" అని విచారించినవారును కలరు. అమ్మలేదు. దాని క్రింది భాగమంతయు విప్పించి కమానులు, స్ప్రింగులు, షాక్ అబ్జార్బరులు, రబ్బరు బుష్‌లు మార్పించితిని. వెనుక కమాను పని మాత్రము రెండుసార్లు చేయింపవలసివచ్చినది. మొదటిసారి తప్పుగాను, రెండవసారి ఒప్పుగాను జరిగినది. ఆ మొదటి తప్పు వలన నా కుమార్తెయు, నేనును పెద్ద ప్రమాదపు అంచువరకు పోయి తిరిగివచ్చితిమి. ఈ సంచికకు ఏదేని వ్రాయుడని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, నేను వ్యాకరణమును గూర్చి వ్రాయుదునని వారు తలచియుందురు. వారు క్షమింతురు గాక.

ఆ కారు పేరు స్టాండర్డ్ హెరాల్డ్. 1964వ సంవత్సరపు బండి, రెండు తలుపులది. మా మేనమామగారు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న కాలమున దానిని కొని, పదవీ విరమణ చేసిన పిమ్మట నాకు అప్పగించిరి. హెరాల్డ్‌ను మొదట 1959లో ఇంగ్లండు నందలి ట్రయంఫ్ కంపెనీ వారు వెలువరించిరి. దాని రూపమును దిద్దినవాడు ఇటలీ దేశీయుడగు జొవాన్ని మికెలోట్టి. మన దేశమున స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ అను సంస్థ మద్రాసు చేరువ 1961 నుండి దీనిని తయారుచేసినది. ఇంగ్లండులో 1962లో ఈ హెరాల్డ్ చట్రమునే పొట్టిచేసి, దానిపై ఇద్దరు మాత్రమే కూర్చుండదగిన స్పిట్‌ఫయర్ అను స్పోర్ట్స్ కారును నిర్మించిరి. అది 1980 వరకు వెలువడినది. కావున నా బండి పేరునకు సంసారుల కారే యైనను, చక్రముల యమరికలో స్పోర్ట్స్ కారుకు తోబుట్టువు. దాని సుగుణములును, దుర్గుణములును దీనికి కలవు.

సస్పెన్షను అనగా నేమో ముందు చెప్పుకొందము. ఇరుసు నేరుగా చట్రమునకు బిగింపబడిన ఎడ్లబండిలో ఎక్కినవారికి ప్రతి రాయియు నడుమునకు తెలియును. జట్కాలో అంతగా తెలియదు. ఏలయన ఇరుసునకు, పెట్టెకు నడుమ ఇనుప పట్టీల కట్ట యొకటి యుండును. దానినే మన షెడ్లలో కమాను కట్ట యందురు. కమాను అనునది పారసీక పదము. విల్లు అని అర్థము. వంగి మరల లేచునది కనుక ఆ పేరు చక్కగా సరిపోయినది. మన బాలురు పరీక్షలో ఇంగ్లీషు మాట వ్రాయుదురు గాని, రాయచూరు షెడ్డులోని పదునైదేండ్ల పనివానికి ఈ మాటయే సులభముగా తెలియును.

కమాను గాని, చుట్టలు చుట్టిన స్ప్రింగు గాని చేయు పని ఒక్కటే. 1678లో రాబర్ట్ హుక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ప్రకటించిన నియమమును మన తొమ్మిదవ తరగతివారు ఎరుగుదురు: బరువు రెండింతలైనచో స్ప్రింగు అణగుటయు రెండింతలగును. వంద పౌండ్ల బరువునకు ఒక అంగుళము అణగు స్ప్రింగు, రెండువందల పౌండ్లకు రెండంగుళములు అణగును. అంగుళమునకు ఎన్ని పౌండ్లు కావలయునో ఆ సంఖ్యయే స్ప్రింగు గట్టిదనమునకు కొలత. క్రొత్త స్ప్రింగు కొనబోవువాడు మొదట అడుగవలసినది ఈ సంఖ్యనే గాని, పెట్టెపైని రంగుల బొమ్మను గాదు.

అయితే స్ప్రింగు అణగి ఊరకుండదు. లేచును, మరల అణగును, ఉయ్యాలవలె ఊగుచునే యుండును. ఆ ఊపును ఆపునది షాక్ అబ్జార్బరు. దాని గొట్టములో నూనె కలదు. ముషలకము సన్నని రంధ్రముల గుండ ఆ నూనెను త్రోయుటలో ఊపు వేడిగా మారి నశించును. అది బండి బరువును మోయదు. "షాకు పోయినది, అందుచేత బండి క్రుంగినది" అని పలువురందురు; అది పొరపాటు. క్రుంగినచో స్ప్రింగును, ఊగినచో షాక్ అబ్జార్బరును అనుమానింపవలెను. బండి మూలనొక్కదానిని చేతులతో గట్టిగా నొక్కి విడువుడు. ఒకసారి లేచి నిలిచినచో మంచిది. రెండు మూడుసార్లు ఊగినచో షాక్ అబ్జార్బరునకు కాలము చెల్లినదని భావింపవచ్చును.

ఇక నా తప్పును చెప్పెదను.

ఏండ్ల తరబడి వాడుటచే వెనుక కమాను క్రుంగినది. వెనుక చక్రముల పైఅంచులు లోనికి వాలి, టైర్ల లోపలి అంచులు అరిగిపోవుచుండెను. దేవసూగూరు నుండి రాయచూరునకు ఇంచుమించు 20 కిలోమీటర్లు. విద్యుత్కేంద్రపు బూడిద లారీలు నడుచు ఆ మార్గమున, గుంత వచ్చినప్పుడెల్ల బండి అడుగు నేలను గీరుకొనుచుండెను. ఒక షెడ్డులో చూపించితిని. అచటి మేస్త్రీ లారీల పనిలో ఆరితేరినవాడు, మంచివాడు. క్రిందికి వంగి చూచి, "సార్, కమాను కూర్చుంది. ఒక పట్టీ ఎక్కువ వేద్దాం. రెండంగుళాలు లేస్తుంది. మన రోడ్డుకు అదే బాగు" అనెను. నాకును ఆ మాట సబబుగానే తోచినది. పట్టీ వేయించితిని. బండి రెండంగుళములు లేచినది. స్పీడు బ్రేకరులపై గీరుకొనుట మానినది. నేను ఆ మేస్త్రీ తెలివిని నలుగురికి చెప్పి మెచ్చుకొంటిని కూడ.

పదునైదు దినములు గడచినవి. ఒక సాయంకాలము నా కుమార్తెను ఎక్కించుకొని రాయచూరు నుండి వచ్చుచుంటిని. గంటకు యాబది కిలోమీటర్లకు మించిన వేగము లేదు. ఒక వంపులో తిరుగుచుండగా ఎదుట గేదెల మంద కనబడినది. ఎవరైనను చేయునట్లే, ఆక్సిలరేటరు మీది కాలు తీసి బ్రేకు త్రొక్కితిని. అంతలో బండి వెనుక భాగము పైకి లేచినది. తోక ప్రక్కకు విసరినట్లు తిరిగి, బండి రోడ్డు దిగి ప్రత్తిచేనిలోనికి పోయి, నల్లరేగడి నేలలో కూరుకొని నిలిచినది. దైవవశమున బోల్తాపడలేదు. అమ్మాయి నుదుటికి అద్దము తగిలి బొప్పి కట్టినది. కొంతసేపటికి తేరుకొని అది యన్న మాట యిది: "నాన్నా, వెనకనించి మనల్ని ఎవరో ఎత్తినట్టయింది."

ఆ పిల్ల చెప్పినది అక్షరాల నిజము. దానిని నేను గ్రహించుటకు కొన్ని వారములు పట్టినది.

లారీకి, అంబాసిడరు కారుకు వెనుక ఇరుసు ఒకే మొద్దు. బండిని ఎంత లేపినను చక్రములు నిలువుగానే యుండును. కావున లారీ కమానుకు పట్టీ కలిపినచో కుదుపు హెచ్చునే గాని చక్రము వాలదు. హెరాల్డ్ ఇరుసు అట్టిది గాదు. నడుమ డిఫరెన్షియలు పెట్టె చట్రమునకు బిగింపబడియుండును. దానికి ఇరుప్రక్కల రెండు అర ఇరుసులు, లోపలి కొన యందు మాత్రమే మడత కలిగి, పక్షి రెక్కలవలె పైకిని క్రిందికిని ఆడుచుండును. పెట్టె నెత్తిన అడ్డముగా పరచిన ఒకే కమాను రెండు చక్రములను మోయును.

దీనిని మీ చేతులతోనే పరీక్షింపవచ్చును. రెండు చేతులను ప్రక్కలకు భుజముల మట్టమునకు చాచి, వ్రేళ్లు ఆకాశము వైపు నుండునట్లు అరచేతులను నిలువుగా మడువుడు. చేతులు అర ఇరుసులు, అరచేతులు చక్రములు. ఇప్పుడు మణికట్టు కదలనీయక చేతులను కొంచెము క్రిందికి దింపుడు. ఇదియే బండి పైకి లేచిన స్థితి. వ్రేళ్ల కొనలు బయటికి వాలి, అరచేతుల మొదళ్లు లోనికి వచ్చినవి గదా! చక్రము తన అడుగును తనలోనికి ముడుచుకొన్నదన్నమాట. చేతులను పైకెత్తినచో ఇందుకు విరుద్ధముగా వ్రేళ్లు లోనికి వాలును. అది బండి క్రుంగిన స్థితి.

వంపు తిరుగునప్పుడు బయటి చక్రముపై నేల ప్రక్కనుండి త్రోయును. చక్రము అడుగు ముందే లోనికి వంగియున్నచో, ఆ త్రోపు దానిని ఇంకను లోనికి నెట్టి, బండి వెనుక భాగమును పైకెత్తును. ఎత్తినకొలది చక్రము ముడుచుకొనును, ముడుచుకొనినకొలది ఎత్తును. ఆ సమయమున బ్రేకు త్రొక్కినచో బరువు ముందునకు పోయి వెనుక మరింత తేలికయగును. క్రుంగిన పాత కమాను టైర్లను పాడుచేసినది గాని, ఈ ఒక్క విషయమున మమ్ము కాపాడుచుండెను. దానికి పట్టీ కలిపి ఆ రక్షణను నేనే తీసివేసితిని. లారీకి మందైనది నా బండికి విషమైనది. మేస్త్రీని నేను నిందింపను. అతడు చూచిన బండ్లకు అతని మాట ఒప్పే. నా బండి ఎట్టిదో తెలిసికొనవలసిన భారము నాది.

ఈ దోషము మా బండి ఒక్కదానిదే కాదు. అమెరికాలో షెవ్రొలే కంపెనీవారు 1960 మోడలుగా కోర్వెయర్ అను కారును ఇట్టి ఊగు ఇరుసుతోనే విడుదల చేసిరి. రాల్ఫ్ నేడర్ అను న్యాయవాది 1965లో ప్రకటించిన గ్రంథపు మొదటి ప్రకరణము ఆ కారును గూర్చినదే. మరుసటి యేట అమెరికాలో మోటారు వాహనముల భద్రతకై చట్టము వచ్చినది. కోర్వెయరు తన కాలపు ఇతర వాహనములకంటె చెడ్డది కాదని 1972లో ప్రభుత్వ పరిశీలన తేల్చినదనియు న్యాయముగా చెప్పవలెను. కంపెనీవారు మాత్రము 1964లో ఒక అదనపు అడ్డ కమానును చేర్చి, 1965లో ఆ యమరికనే మార్చివేసిరి. ట్రయంఫ్ వారును ఊరకుండలేదు. వారు చేసిన మార్పులే నాకు రెండవసారి దారి చూపినవి.

నా యెదుట నాలుగు మార్గములు నిలిచినవి. మొదటిది, కంపెనీ మొదట పెట్టిన కొలతలతోనే క్రొత్త కమాను వేయుట. అది ఖర్చు తక్కువ. బండి అసలు ఎత్తునకు వచ్చును. నిదానముగా నడుపువారికి చాలును. రెండవది, స్పిట్‌ఫయరు నాలుగవ రకములో 1970 నుండి వచ్చిన ఊగు కమాను. ఇందులో ఒక్క పట్టీని మాత్రమే డిఫరెన్షియలు పెట్టెకు బిగించి, తక్కినవానిని నడుమ స్వేచ్ఛగా అటునిటు ఒరుగనిత్తురు. రెండు చక్రములును కలిసి గుంతలో పడినప్పుడు కమాను పూర్తి బలముతో మోయును. వంపులో బండి ఒరిగినప్పుడు మాత్రము అంతగా ఎదిరింపదు. అందుచేత వెనుక భాగమును ఎత్తు శక్తి చాలవరకు తగ్గును. మూడవది, ఆ కంపెనీవారే 1968లో జి.టి.6 కారున కమర్చిన పద్ధతి. చక్రమునకు క్రింద మరియొక భుజమును, ఇరుసునకు రబ్బరు కీలును చేర్చుట. పద్ధతి చాల మంచిది; కాని భాగములు అనేకము, వెల మిక్కుటము. నాలుగవది, అర ఇరుసులను తీసివేసి మొద్దు ఇరుసును పెట్టుట. స్టాండర్డ్ వారు 1972లో వెలువరించిన గెజెల్ కారులో అట్లే చేసిరి. మన దేశపు మేస్త్రీలకు అదియే అలవాటు. కాని పాత హెరాల్డ్‌కు అట్లు చేయుట చట్రమును కోయుటయే. మేనమామగారి వస్తువును కోయుటకు నాకు మనసొప్పలేదు.

రెండవ మార్గమును ఎన్నుకొంటిని. ఇచట ఒక హెచ్చరిక. ఊగు కమాను ఒంటరిగా వేయదగినది గాదు. వెనుక భాగము ఒరుగుటను ఎదిరింపదు గనుక, ఆ పనిని ముందుభాగము చేయవలెను. అందులకు ముందు చక్రములను కలుపు అడ్డకడ్డీ లావైనది కావలెను. స్పిట్‌ఫయరులో కంపెనీవారును రెంటిని కలిపియే మార్చిరి. కడ్డీని మాని కమానును మాత్రమే వేసినచో, బండి ప్రతి వంపులోను పడవవలె ఒరుగును. మరియొకటి: స్పిట్‌ఫయరులో వెనుక సీటు లేదు. దాని కమానును అట్లే తెచ్చి నలుగురెక్కు బండికి వేసినచో చాలదు. కావున బండి బరువును, వెనుక కూర్చుండువారి సంఖ్యను వ్రాసి పంపి, తగిన గట్టిదనము గలదానిని ఇంగ్లండు నుండి తెప్పించితిని. రవాణా, సుంకము కలిసి వస్తువు వెలను మించినవి. ఈ సంగతి మా ఇంటిలో ఇంకను పూర్తిగా తెలియదు.

షాక్ అబ్జార్బరుల విషయమున నాకు వచ్చిన సలహాలన్నియు "గట్టివి వేయుడు" అనియే. పందెపు నేలపై అది నిజము కావచ్చును. మన రోడ్డుపై మిక్కిలి గట్టి షాక్ అబ్జార్బరు చక్రమును గుంతలోనికి దిగనీయదు. టైరు నేల విడిచి ఎగురును. ఎగిరిన టైరునకు పట్టు లేదు, బ్రేకును లేదు. గట్టిదనమును త్రిప్పి మార్చుకొన వీలైన రకమును కొని, అన్నిటికంటె మెత్తని స్థానమునకు కొంచెము పైగా నిలిపితిని. బుష్‌ల సంగతియు ఇట్టిదే. పాలీయూరిథేన్ బుష్‌లు రబ్బరుకంటె గట్టివి, నూనెకు చెడవు. కాని ప్రతి అదురును చట్రమునకు చేరవేయును. అరువదేండ్ల చట్రము అంత అదురును ఓర్వదని తోచి, చాలచోట్ల రబ్బరే యుంచితిని.

ముందు చక్రముల కడ ఒక చిన్న భాగము కలదు. దాని పేరు ట్రనియన్. చక్రమును మోయు ఉక్కు కడ్డీ క్రింది కొనయందు మరలు కలిగి, ఈ ఇత్తడి వంటి లోహపు దిమ్మలో తిరుగుచుండును. దీనికి గ్రీజు పనికిరాదు. గేరు పెట్టెలో పోయు 90 నంబరు చిక్కని నూనెను ఎక్కింపవలెను. గ్రీజు గట్టిపడి మరల సందులకు చేరదు. అడుగున నీరు నిలిచి ఉక్కు తుప్పుపట్టును. ఒకనాడు కడ్డీ విరిగి ముందు చక్రము బండి క్రింద మడతపడును. మా బండికి ఎన్ని యేండ్లుగా గ్రీజే పెట్టుచుండిరో! విప్పి చూచినప్పుడు కుడివైపు కడ్డీని తుప్పు గుంటలు గుంటలుగా తినివేసియుండెను. గేదెల మంద అడ్డురాకుండినచో నేను దీనిని ఎప్పటికిని విప్పియుండను. కుడి ఎడమల మరలు వేరువేరు దిక్కులకు తిరుగును. ఒకవైపు దిమ్మ మరియొకవైపునకు పనికిరాదు. హెరాల్డ్ గలవారు ఈ వ్యాసములో మరియేది మరచినను ఈ నూనె సంగతిని మరువరాదు.

బిగించు పనిని ఈసారి నేను దగ్గర కూర్చుండి చూచితిని. విప్పకముందే చదునైన నేలపై బండిని నిలిపి, నాలుగు చక్రముల నడిబొడ్డు నుండి పైరేకు అంచువరకు ఎత్తులు కొలిచి గోడపై సుద్దముక్కతో వ్రాసితిని. పిదప చట్రమును సుత్తితో తట్టి చూచితిమి. రెండుచోట్ల తుప్పు రేకు పెళ్ళలుగా రాలినది. ముందు దానికి అతుకు వేయించితిని. పుచ్చిన దూలమునకు క్రొత్త తలుపు బిగించి ప్రయోజనమేమి? బండిని జాకీమీద మాత్రమే నిలిపి క్రింద దూరుట ఆత్మహత్యతో సమానము. గట్టి స్టాండులు నాలుగు ఎరువు తెచ్చితిమి. ముందు స్ప్రింగులు షాక్ అబ్జార్బరుల చుట్టును బిగువుగా అణచబడియుండును. అణచిపట్టు పనిముట్టు లేక పై నట్టును విప్పినచో, స్ప్రింగు తుపాకి గుండువలె ఎగిరి మనిషిని చంపగలదు. మేస్త్రీ త్రాడు కట్టి విప్పుదమనెను. నేను ఒప్పుకొనలేదు. ఆ పనిముట్టు దొరకువరకు పది దినములు పని ఆగినది. విప్పిన చక్రపు బరువును బ్రేకు గొట్టముపై వ్రేలాడనీయక తీగతో కట్టియుంచితిమి.

అందరు మరచు విషయమొకటి కలదు. రబ్బరు బుష్‌ల బోల్టులను బండి గాలిలోనుండగా పూర్తిగా బిగింపరాదు. అట్లు బిగించినచో, చక్రములు నేలకు దిగినప్పుడు రబ్బరు మెలిపడి, నిలిచియున్నప్పుడును నలుగుచునే యుండును, త్వరలోనే చినుగును. వదులుగా పెట్టి, బండిని నేలకు దింపి, ఎక్కువారి బరువు ఎక్కించిన తరువాతనే తుది బిగింపు చేయవలెను. మేము వెనుక సీటులో రెండు బియ్యపు బస్తాలు పెట్టితిమి. మేస్త్రీ మొదట నవ్వినను, తరువాత తన నోటుపుస్తకములో ఆ మాట వ్రాసికొనెను.

స్ప్రింగులను, షాక్ అబ్జార్బరులను ఎప్పుడును జంటగానే మార్పవలెను. ఒకవైపు క్రొత్తది, ఒకవైపు పాతది యున్నచో బ్రేకు వేసినప్పుడు బండి ఒకదిక్కునకు లాగును.

తల్లిదండ్రులకు ఒక మాట. మన పిల్లలలో అనేకులు ఆటోలలోను, చిన్న వ్యానులలోను వచ్చుచున్నారు. ఎక్కువమందిని ఎక్కించుటకై కమానుకు పట్టీ చేర్పించితిమని ఒక డ్రైవరు నాతో గర్వముగా చెప్పెను. పట్టీ కలిపినచో కమాను మోయగలదు గాని, బ్రేకులును, టైర్లును, చట్రమును మునుపటివే గదా! పిల్లలను ఎక్కించుటకు ముందు వెనుకకు వెళ్లి, ఒక్కసారి వంగి, చక్రములు నిలువుగా నున్నవో వాలియున్నవో చూడుడు. చూచుటకు ఖర్చు లేదు.

బిగింపు ముగిసిన పిదప చక్రముల అలైన్‌మెంటు సరిచూపించితిని. 500 కిలోమీటర్లు నడిచినతరువాత నట్లన్నియు మరల బిగించితిమి, రెండు వదులైయుండెను. క్రొత్త కమాను మొదటి నెలలో కొంచెము సర్దుకొని క్రుంగుట సహజము కనుక, గోడపైని సుద్ద అంకెలతో మరల పోల్చి చూచితిని. అదే వంపులో, అదే వేగమున, ఎవరును లేని వేకువజామున రెండుసార్లు తిరిగి చూచితిని. బండి ఒరిగినది గాని లేవలేదు. ఆ తరువాతనే అమ్మాయిని ఎక్కించుకొంటిని. తీసివేసిన ఆ అదనపు పట్టీ ఇప్పుడు మన సైన్సు గదిలో కలదు. తొమ్మిదవ తరగతివారు దానికి బరువులు వ్రేలాడదీసి హుక్ నియమమును కొలుచుచున్నారు. కారు యథాస్థానమున వేపచెట్టు క్రింద నిలిచియున్నది. అడుగుభాగమును చూడగోరువారు శనివారము మధ్యాహ్నము బడి విడిచిన పిమ్మట రావచ్చును. పాత బట్టలు కట్టుకొని రండు.